దారం ఎక్కించిన సూదులు

ఇటు జరుగమ్మా, నా పక్కకు రా. కాజాలక్క సంగతి చెబుతాను, చెవి ఇటు పెట్టు.

ఒక కుట్టు షెడ్డులో చొక్కాలకు చేత్తో కాజాలు కుట్టేది గనుక అందరూ ఆమెను కాజాలక్క అనేవారు. ముప్పై ఏళ్లుగా తిరిగిన చెయ్యి. ఏడాదిగా చూపు ఆనడం లేదు. బయటపడితే పని పోతుందని భయం. వేళ్లతో తడుముకుంటూ కుట్టుకొచ్చేది. ఒక్క కాజా వంకర పోలేదు గాని, సూదిలో దారం ఎక్కించడమే గగనమయ్యేది.

ఆ ఏడు యజమానురాలు పెద్దక్క, జీతాలు పెంచలేక, ఒక్కొక్కరికి ఒక్కో వసతి చేసింది. నడుం నొప్పి కటింగ్ మామకు వీపు ఆనే కుర్చీ. పసిబిడ్డ తల్లికి మధ్యాహ్నం గంట సెలవు. కాజాలక్కకు మాత్రం, టైము కలిసొస్తుందంటూ, రోజూ పొద్దున్నే బల్ల మీద దారం ఎక్కించిన ఇరవై సూదులు!

"నీకేమమ్మా, మహారాణివి! రేపు కాజాలు కూడా పెద్దక్కే కుట్టించిపెడుతుందేమో," అన్నాడు కటింగ్ మామ.

అందరూ నవ్వారు. కాజాలక్కకు ఒళ్లు మండింది. నా చెయ్యి నెమ్మదించిందని పెద్దక్క నలుగురిలో చాటుతుందా? ఎదురు వీధి కంపెనీ ఎప్పటినుంచో రమ్మంటోంది. అక్కడ పండక్కి అందరికీ ఇచ్చేది ఒకటే, సబ్బుల పెట్టె. మాట పడక్కర్లేదు.

మానేస్తానని చెప్పడానికి మర్నాడు అందరికన్నా ముందే వెళ్లింది. కిటికీ దగ్గర పెద్దక్క, కళ్లజోడు ముక్కు చివరికి జారిపోతుంటే, దారం కొస నోట తడిపి సూదిలోకి దూరుస్తోంది.

"నువ్వా అక్కా ఎక్కించేది?"

"ఇంకొకరికి చెబితే ఊరంతా టముకు వెయ్యరూ?"

"అయితే... నీకు తెలుసా?"

"సూది వెలుతురుకెత్తి నువ్వు పడే పాట్లు చూడలేదనుకున్నావా? కళ్లజోడు కొనిద్దామంటే నీ గుట్టు రట్టవుతుందని ఆగాను."

"జాలిపడ్డావా?"

"జాలి సగమే. నువ్వెళ్లిపోతే ఇలాంటి కాజా నాకెవరు కుడతారే? నీకు కుర్చీ ఇస్తే నీ కంటికేం లాభం? మామకు సూదులిస్తే వాడి నడుముకేం లాభం? నొప్పి ఉన్నచోటే కదా మందు రాస్తాం!"

మానేద్దామన్న సంగతే కాజాలక్క మరిచిపోయింది. పక్కనే చతికిలబడింది.

"ఆ కళ్లజోడేదో కొనిపెట్టక్కా. నవ్వేవాళ్లను నవ్వనీ. నీకీ పొద్దుటి తిప్పలు తప్పుతాయి."

కాజాలక్క కళ్లజోడుతో వచ్చిన రోజు కటింగ్ మామ నవ్వలేదు. మెల్లగా దగ్గరికొచ్చి, "నాకూ ఒకటి అడిగిపెట్టమ్మా, చాక్‌పీసు గీత కనబడి చావట్లేదు," అన్నాడు.

గుర్తుపెట్టుకో తల్లీ. రేపు నీ చేతికింద నలుగురు పనిచేస్తే, ఈ ఇరవై సూదుల సంగతి వాళ్లకూ చెప్పు.