సముద్రం కనపడే గది

డెబ్బై నాలుగు వేసవిలో మా మార్తకి ఒళ్ళంతా పొక్కులు లేచాయి. ఏ పూతకీ తగ్గలేదు. వారం రోజులు సముద్రస్నానం చేయించమన్నాడు డాక్టరు. దివిసీమలో, అలలకి మైలు దూరంలో, మా ఆయన మేనత్త సంపూర్ణమ్మ ఉంది.

"అత్తకి కార్డు ముక్క రాస్తాను," అన్నాడు మా ఆయన.

"తాటాకు పాకలోనా? ఆ ఉప్పునీళ్ళు తాగి పిల్లకి విరేచనాలు పట్టుకుంటే?"

"నువ్వేదో మేడలో పుట్టినట్టు! కంకిపాడులో మీ అమ్మావాళ్ళది డాబానా?"

పాకే. ఆ పాకలోనే నా తమ్ముడు వాంతులూ విరేచనాలతో ఒక్క పూటలో పోయాడు. అది ఆయనకీ తెలుసు. కార్డు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఆయన ఆటోనగర్‌లో మెకానిక్. షెడ్డు ఓనరు తిరుపతిరావు గారి అక్క బుల్లెమ్మ గారిదీ ఆ ఊరే. డాబా ఇల్లు, సముద్రం కనపడే గది, మంచినీళ్ళ బావి. 'మా మెకానిక్ ఇంటివాళ్ళు, వారం ఉంటారు' అని ఓనరు చీటీ రాసిచ్చాడు. పేర్లు రాయలేదు.

"మనం ఎవరమో ఆయనకి పట్టింపు లేదు. ఆవిడ సంగతి నాకు తెలీదు," అన్నాడు మా ఆయన. "ఆలోచించుకో. నేను ఆదివారం వస్తా."

నేను బావి గురించే ఆలోచించాను.

బస్సులో మార్తకి చెప్పాను. "పేరడిగితే బళ్ళో పేరు చెప్పు. పద్మావతి అను." హిందూ పేరుంటేనే స్కాలర్‌షిప్పు వస్తుందని మాస్టారు రిజిస్టరులో అలా రాశారు.

"మార్త బాలేదా అమ్మా?"

"బాగుంది. చెప్పింది చెయ్యి."

ఆరేళ్ళ పిల్ల. దారంతా ఆ పేరే గొణుక్కుంది. బస్సు దిగి ఎక్కిన ఎద్దుబండి సంపూర్ణమ్మ పేట మీదుగానే పోయింది. నేను కొంగు మొహం మీదికి లాక్కున్నాను.

"దా అమ్మా, దా! పాప పేరేంటి?" అంది బుల్లెమ్మ, తమ్ముడి చీటీ చూసి.

"పద్మావతండీ."

"మా అత్తగారి పేరే! లక్ష్మీకళ ఉందమ్మా నీ కూతురికి."

బావినీళ్ళు రెండు గుక్కలు తాగి చూశాను. తియ్యగా ఉన్నాయి. గుండె కుదుటపడింది.

అలలు తగలగానే మార్త పొక్కులు మండి ఏడ్చింది. ఆ తర్వాత ఒడ్డుకి రమ్మంటే రాదు. "ఇంకోటి అమ్మా, ఇంకోటి!" అని ప్రతి అలకీ గెంతింది. అది అంతలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

మధ్యాహ్నం బుల్లెమ్మే స్వయంగా వడ్డించింది. ముద్దపప్పు, ఆవకాయ. నెయ్యి వేయబోతుంటే మార్త చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. ఇంట్లో రోజూ చేసేదే. పేరు మార్చి నేర్పాను గాని, ఇది వద్దని చెప్పడం నాకు తట్టనే లేదు.

"యేసయ్యా, ఈ అన్నానికి వందనాలు. సముద్రానికి వందనాలు. ఈ అమ్మమ్మని దీవించు. ఆమెన్."

బుల్లెమ్మ నెయ్యిగిన్నె కిటికీలో పెట్టేసింది. "తినండి," అంది. మళ్ళీ వడ్డించలేదు.

తిన్నాక వాకిట్లోంచే చెప్పింది. "సాయంత్రం మా వియ్యపురాలు వాళ్ళొస్తున్నారు. గది కావాలి. ఆ విస్తళ్ళు తీసి, కూర్చున్న చోటు కడిగి వెళ్ళు. బావి దగ్గరికి పోకు, నీళ్ళు పాలేరు పోస్తాడు."

పొద్దున లేని వియ్యపురాలు. కడిగాను. మార్త కూడా ఆటనుకుని చిన్న చేత్తో గచ్చు రుద్దింది. కాసేపటికి నా మొహం చూసి ఆపేసింది.

నడుచుకుంటూ పేటకి వెళ్ళాం. సంపూర్ణమ్మ గుమ్మంలోనే ఉంది.

"పొద్దున బండిలో పోతుంటే చూశాలే. ముసుగేసుకున్నావుగా, ఎండకనుకున్నా."

నేను కొంగు భుజం మీదికి దించుకున్నాను.

"మా లాజరు రాలేదా?"

"ఆదివారం వస్తారత్తా."

"సరే, రా లోపలికి. ఇక్కడ గదులూ గిదులూ లేవు మరి." అంటూనే నా చేతిలో సంచీ లాక్కుంది. పొయ్యి మీద కుండెడు నీళ్ళు పెట్టింది. "కాచిన నీళ్ళే పోద్దాంలే పిల్లకి. నీ తమ్ముడి సంగతి నాకు తెలీదా?"

సాయంత్రం చేపల పులుసు వేసింది. మార్త అన్నం ముట్టుకోలేదు. సంపూర్ణమ్మని చూసింది, నన్ను చూసింది.

"అమ్మా, ఇక్కడ కళ్ళు మూసుకోవచ్చా?"

సంపూర్ణమ్మ గరిటె పక్కన పెట్టింది. "ఏం నేర్పావే దీనికి?"

ఆ వారం రోజులూ స్నానాలు సాగాయి. పొక్కులు మానిపోయాయి. ఇప్పుడు పటమటలో మా ఇంట్లో, ముగ్గురమే ఉన్నా సరే, మార్త ఒకసారి చుట్టూ చూసి గాని కళ్ళు మూసుకోదు.