గోళీల సీసా

కజిక్ పోయి ఏడు నెలలైంది. నేలమాళిగలోని చీకటి గదిలో అతను చివరిసారి కలిపిన డెవలపర్, అదే ఫిల్ము కడిగే మందు, సీసా మాత్రం అలాగే ఉంది. దాని మీద అంటించిన పట్టీపై అతని వంకర అక్షరాలు: జూన్ రెండు. లోపల సగానికి పైగా గాజు గోళీలే. మందు వాడినకొద్దీ గోళీలు వేసి మట్టం మెడదాకా తెచ్చేవాడు. గాలి తగిలితే మందు చస్తుందని అమెరికాలోని రాచెస్టర్‌లో ఫిల్ము ఫ్యాక్టరీ వాళ్ల ఇళ్లలో చంటిపిల్లలకు కూడా తెలుసు.

పక్కనే కడగని రీలు ఒకటి. ఊరందరి ఫొటోలూ తీసిన మనిషి, పెళ్లి ఫొటో తర్వాత తను దేంట్లోనూ పడలేదు. పోయిన మే నెలలో, లైలాక్ పూలు విరగబూసిన రోజున, కెమెరా భార్య హలీనా చేతికిచ్చి చెట్టు ముందు నిలబడ్డాడు. ఏదో అరుస్తూనే ఉన్నాడు. ఆమె కంగారులో నొక్కేసింది. ఆ ఒక్క ఫొటో పడిందో లేదో దేవుడికే తెలియాలి.

"ఆయన కలిపిన మందులోనే కడుగుతా వదినా," అంది హలీనా.

కజిక్ అక్క యద్విగ ముప్ఫై ఏళ్లు ఫ్యాక్టరీలో మందులు పరీక్షించిన మనిషి. సీసాను దీపానికి ఎత్తి చూసింది.

"ఇదేంటే, టీ డికాషన్ కాచి పోశావా? మా తమ్ముడు మూత బిగిస్తే మందు ఇలా రంగు మారదు. నిజం చెప్పు, తీశావా?"

హలీనా తల దించుకుంది. "ఆదివారం ఆదివారం. చర్చి నుంచి రాగానే ఒక్కసారి వాసన చూసేదాన్ని. ఆయన వేళ్ల వాసన అదే కదా."

"ముప్ఫై ఆదివారాలు! పిచ్చిదానా, దీనికి ఊపిరే విషం."

ప్రేమ చేసే పనులకు తెలివి అడ్డం రాదు. యద్విగ ఇంక తిట్టలేదు. కజిక్ ఎప్పుడూ రీలు డబ్బా బయట వదిలే ఫిల్ము కొసను చిన్న ముక్క కత్తిరించి, ఆ మందు పోసిన కప్పులో వేసింది. వెలుతురు తిన్న ముక్క అది. మందు బతికుంటే బొగ్గులా నల్లబడాలి. పది నిమిషాలు చూశారు. ముక్క పాలిపోయే ఉంది.

హలీనాకు ఏడుపు ఆగలేదు. రెండోసారి పోగొట్టుకున్నట్టే అనిపించింది. ఏడుస్తూనే సీసా తొట్టిలో వంచింది. గోళీలు గలగలమని దొర్లాయి.

కొత్త మందు పొడి పొట్లం విప్పి గోరువెచ్చని నీళ్లలో తనే కలిపింది.

"మెల్లగా తిప్పవే, మజ్జిగ చిలుకుతున్నావా!" అంది వదిన.

మర్నాడు మధ్యాహ్నం, ఆ మందులో కడిగి ఆరబెట్టిన ఫిల్ము నుంచి ఫొటోను కాగితం మీదికి ఎక్కించారు. ఎర్ర దీపం కింద పళ్లెంలో కాగితం కలలోలా ఊగింది. ముందు లైలాక్ పూలు తేలాయి, రేకు రేకూ లెక్కపెట్టేంత స్పష్టంగా. తర్వాత టోపీ. ఆ తర్వాత కజిక్, మసక మసకగా, నోరు తెరిచి, గాలిలో ఏదో తిప్పుతున్నట్టు వేళ్లు ఎత్తి.

"అయ్యో, ముఖం కుదరలేదే," అంది యద్విగ.

హలీనాకు ఆ రోజు వినబడని మాట ఇప్పుడు వినబడింది. ఏడుపులోనే నవ్వొచ్చింది.

"మసక పోయేలా లెన్సు రింగు తిప్పమని అరుస్తున్నాడు వదినా. నన్నే తిడుతున్నాడు. చూడు, అచ్చం ఆయనే."

మిగిలిన మందు సీసాలో పోసి, కడిగిన గోళీలు ఒక్కొక్కటే వేసింది. పట్టీ మీద తన అక్షరాలతో తేదీ రాసి, మూత బిగించింది. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక దాని జోలికి పోలేదు.