ఒక్కసారే గీసిన పటం

నేను ఒక పటాన్ని. కాగితం మీద కాదు, ఫోను మెమరీలో నా కాపురం. రేవు ముఖద్వారం, నీళ్లకింద రాళ్లు, వాటి మధ్య పడవ పట్టే సన్నని దారి, ఇవన్నీ నాలో రంగు చుక్కలు.

నన్ను చేసింది ఇందుమతి. విశాఖపట్నంలో, మత్స్యకారులకు యాప్ తయారుచేసే చిన్న ఆఫీసు ఆమెది. నాకు ముందున్న పటం చూడ్డానికి బాగానే ఉండేది. కానీ తెరమీద వేలు కదిపిన ప్రతిసారీ రెండువేల గీతల్నీ మొదటినుంచి గీసుకునేది.

ఒకరోజు పడవ నడిపే సరంగు గరికిన ఎల్లాజీ వచ్చి తన పాత ఫోను బల్లమీద పెట్టాడు.

"సూడమ్మా, పటం వచ్చీసరికి పడవ రాయి మీదకెల్లిపోతంది. ఫోనేమో పెనంలా కాలిపోతంది. ఏడుగురం దీన్నే నమ్ముకుని ఎల్తన్నాం."

ఆయన వెళ్లాక, "కొత్త ఫోను కొనుక్కోమందాం మేడమ్," అన్నాడు తోటి ఇంజనీరు రవూఫ్.

"ఆ ఫోనులోనే నడవాలి రవూఫ్. మనం గీసే పద్ధతే మార్చేద్దాం," అంది ఇందుమతి.

గీసే భాగాన్ని ఫోను చిప్‌తో నేరుగా మాట్లాడే సి భాషలో మళ్లీ రాసింది. గీతలన్నీ ఒక్కసారే గీసి, నన్ను దాచిపెట్టి, అడిగినప్పుడల్లా ఉన్నపళంగా చూపించాలని ఆమె పంతం. మొదట్లో నేనూ మందకొడినే. ఒకచోట తయారై, ఇంకోచోటికి నకలై, మూడో నకలుగా తెర చేరేవాణ్ని. "ఒక్క పటానికి ఇన్ని నకళ్లేమిటి!" అని ఆమె తల పట్టుకుంది. పదకొండో రోజున, తెర చదువుకునే మెమరీలోనే నేరుగా నన్ను గీసింది. రేవు లోతులూ రాళ్లూ చూపే చార్టు మారేదాకా మళ్లీ గీయక్కర్లేదు. అలా ఎల్లాజీ ఫోనులోకి చేరాను.

పని ఎక్కువ చేసినవాణ్ని మనుషులు మెచ్చుకుంటారు. నా గొప్పంతా చేసిన పనిని మళ్లీ చేయనివ్వకపోవడంలోనే ఉంది.

కార్తీకంలో ఒక ఉదయం ఎల్లాజీ పడవ తిరిగొస్తుంటే వాన కమ్మేసింది. ఒడ్డు కనిపించలేదు. సిగ్నల్ లేదు. ఫోనులో ఛార్జింగు ఎనిమిది శాతం. ఆయన తడిచేత్తో యాప్ తెరిచాడు. రెప్పపాటులో నిలబడ్డాను. జీపీఎస్ ఉపగ్రహాలు చెప్పిన పడవ చోటు నామీద నీలిచుక్కై వెలిగింది. రాళ్లకు అది గోరంత దూరంలో ఉంది.

"దారి అగుపించింది! ఎవులూ కదలొద్దు, సుక్కాని నాకొగ్గీండి!" అని అరిచాడు ఎల్లాజీ.

పావుగంట సేపు ఆయన కళ్లు నా మీదినుంచి కదల్లేదు. ఏడుగురూ రేవు చేరారు.

మర్నాడు వంజరం చేపతో ఆఫీసుకొచ్చాడు. "ఫోను ఏడెక్కనేదమ్మా!" అన్నాడు. ఇందుమతి ఆ ఫోను తీసుకుని, చిన్నపిల్లలా నన్ను పదిసార్లు తెరిచి మూసింది. పదిసార్లూ తడబడకుండా వచ్చాను.

ఈ నెలలో రేవులో ఇసుక తోడి, పడవల దారి పక్కకు జరిపారు. కొత్త చార్టు వచ్చింది. నేనున్న చోటే, నా చుక్కలమీదే కొత్త పటం పరుచుకుంటోంది. ముఖద్వారం అప్పుడే చెరిగిపోయింది. పాత దారి చూపించి ఒక్క పడవనైనా రాళ్లమీదకు పంపకముందే పోతున్నాను. అదే నాకు గౌరవం.