లోపలి హోటలా, బయటి ఇల్లా?

ఆ జూలై నెలంతా గల్ఫులో, బ్నీద్ అల్ గార్‌లోని ఆ ఇంట్లో ఒకటే పంచాయితీ. అమెరికాలో ఏదో పెద్ద బొమ్మల పార్కంట. రంగులరాట్నాలు, నీళ్లలో పడవలు, కొండ కడుపులోకి దూరి అవతల తేలే రైలు. ఆగస్టులో అక్కడికి పోవడం ఖాయమైపోయింది. తేలనిదల్లా ఒక్కటే. పార్కు లోపలే ఉన్న హోటల్లో దిగాలా, బయట ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకోవాలా?

లోపలైతే సుఖం. మంచం దిగితే రాట్నం. ఎండ ముదిరితే గదికొచ్చి పిల్లను కాసేపు పండుకోబెట్టి, చల్లబడ్డాక మళ్లీ పోవచ్చు. కానీ ఆ గది ముగ్గురికే చాలు, వంటిల్లు అనే మాటే లేదు. బయటైతే ఇంత పెద్ద ఇల్లు, వంటిల్లు, బట్టలుతికే మిషను. కానీ రోజూ కారేసుకొని పోవాలి, కారు ఎక్కడో పెట్టి ఆ ఎండలో నడవాలి, తిరిగొచ్చేసరికి పిల్ల భుజమ్మీద సోలిపోయి ఉంటుంది. ఇంటాయన బయటంటాడు, ఇంటామె లోపలంటుంది. రంగురంగుల పుస్తకాలు ముందరేసుకొని రోజూ రాత్రి భోజనాలయ్యాక ఇదే రగడ.

వంటింటి గడప దగ్గర నిలబడి ఆ రగడంతా చెవులు రిక్కించి వినేది తిరుపాలమ్మ. పనిమనిషికి అమెరికా హోటళ్లతో ఏం పనంటారా? ఎందుకు లేదూ! బయట ఇల్లు తీసుకుంటే వండిపెట్టడానికి ఆమె కూడా పోవాల్సిందే. లోపలి హోటలైతే ఆమెకు చోటు లేదు, ఆ నెల సెలవిచ్చి ఊరికి పంపిస్తానని మామా మాటిచ్చింది. అక్కడి పనివాళ్లందరికీ ఇంటామె మామా, ఇంటాయన బాబా. రాయచోటి పక్క పల్లెలో తిరుపాలమ్మ కూతురు చిట్టి ఉంది. మొగుడు పోయాక, రెండేళ్ల ఆ బిడ్డను అక్క మునిలక్ష్మి ఒళ్లో పెట్టి విమానం ఎక్కిన మనిషి, మళ్లీ ఇంతవరకూ చూసుకోలేదు. ఆ బిడ్డకిప్పుడు ఆరేళ్లు.

అందుకే తిరుపాలమ్మ సిగ్గూ ఎగ్గూ లేకుండా లోపలి హోటల్ పార్టీలో చేరిపోయింది. చాయ్ కప్పులు పెట్టే వంకతో వచ్చి, "లోపలే మేలు మామా. మంచం దిగితే రాట్నం. ఎండైతే గదికొచ్చి పండుకోవచ్చు" అని ఆ హోటల్లోనే పుట్టి పెరిగినట్టు వచ్చీరాని అరబ్బీలో చెప్పేది. మామా కప్పు చాటున నవ్వుకునేది. ఈ మనిషి మనసులో ఏముందో ఆమెకు తెలీకపోతేగా!

బయటి ఇల్లు పార్టీకి అసలు నాయకురాలు ఇంటి పిల్ల గనీమా. తిరుపాలమ్మకు ఆ పేరు నోరు తిరక్క మొదట్లో గన్నెమ్మా అంది, అదే స్థిరపడిపోయింది. గన్నెమ్మకూ ఆరేళ్లే. తిరుపాలమ్మ వచ్చినప్పట్నుంచీ ఆమె చంకలోనే పెరిగింది కాబట్టి అమ్మతో అరబ్బీ, తిరుపాలమ్మతో అచ్చం రాయచోటి తెలుగు. కళ్లు మూసుకొని వింటే ఎవరో కడప పిల్ల అనుకోవాల్సిందే.

"బయటే ఉందాం తిరుపా. బయటైతే నువ్వొస్తావు" అనేది.

"నేనేం జేస్తా ఆడ? నువ్వు రాట్నమెక్కు, నేను పోయి చిట్టిని చూసుకోని వస్తా."

"చిట్టినే ఈడికి రమ్మను."

"దానికి పాసుపోటు లేదు గదమ్మా."

"పాసుపోటు లేకుంటే రాకూడదా?"

"రాకూడదు. పోనూ కూడదు" అని తిరుపాలమ్మ ఆ పిల్ల జడ గట్టిగా లాగి అల్లింది. ఆ మాట ఆ పిల్ల ఎంత లోపల దాచుకుందో అప్పుడామెకు తెలీదు.

నెలాఖరుకి మామాదే గెలుపయింది. లోపలే. పనివాళ్ల పాస్‌పోర్టులు కఫీల్, అంటే పనికి పిలిపించుకున్న యజమాని, ఇనప్పెట్టెలో ఉండటం అక్కడి రివాజు. బాబా పెట్టె తెరిచి తిరుపాలమ్మది తీసి మామా చేతికిచ్చి, పనుండి ముందుగా లండన్ విమానమెక్కాడు. మామా దాన్ని తన అద్దం బల్ల సొరుగులో పెట్టి, "వచ్చేవారం నీ టికెట్టు తెప్పిస్తా, సంతోషమేనా?" అంది. సంతోషమా! తిరుపాలమ్మ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

ఆ మర్నాడే కొత్త బియ్యం బస్తా వచ్చింది. వంటింటి మూల నీలం డ్రమ్ములో బియ్యం పోసేటప్పుడు తిరుపాలమ్మకొక పద్ధతి ఉంది, అత్త దగ్గర నేర్చుకున్నది. పాత బియ్యం ఒక పిడికెడైనా అడుగున ఉంచి, దాని మీదే కొత్తవి పోయాలి. అడుగు కనపడేలా ఊడ్చి వండుకోకూడదు, ఇల్లు వట్టిపోతుంది. గల్ఫుకొచ్చినా ఆ పద్ధతి వదల్లేదు. ఎప్పట్లాగే గన్నెమ్మ డ్రమ్ము అంచు పట్టుకొని తొంగి చూస్తూ నిలబడితే, "పక్కకు జరుగు తల్లీ, దుమ్ము కళ్లల్లో పడుతాది" అని తన చేతుల్తోనే బస్తా మొత్తం గుమ్మరించింది.

ఇంక ఊరికి పోవడమే తరువాయి అనుకుంటుండగా, ఆగస్టు రెండో తేదీ తెల్లారేసరికి సముద్రం రోడ్డు మీద ఇరాక్ ట్యాంకులు.

ఆ తర్వాతి రోజులు పగవాడికి కూడా వద్దు. టీవీ మూగబోయింది, లండన్‌కి ఫోన్ తెగిపోయింది. రోడ్డు మలుపుకొక తుపాకీ. వేరే వీధి నుంచి మామా వాళ్ల చిన్నమ్మ తన పిల్లల్నేసుకొని వచ్చి చేరింది. ఇంటి నిండా మనుషులు, కొట్లలో సరుకు లేదు. రొట్టెల కోసం తెల్లవారక ముందే లైన్లో నిలబడితే, వచ్చేది వస్తుంది, రానిది రాదు. ఉన్నంతలో ఆ డ్రమ్ములో బియ్యమే అందరికీ ఆధారం.

పక్కింటి డ్రైవరు లాల్ బాషాది కూడా రాయచోటే. అతను ఒకరోజు గేటు దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు. "అక్కా, మనోళ్లను బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరుస్తాండారు. ఆడినుంచి బొంబాయికి విమానాలు. పాసుపోటు చేతిలో పెట్టుకో. అది లేనోళ్లను బార్డర్ కాడ దించేస్తాండారంట."

తిరుపాలమ్మ పరుగున లోపలికి పోయింది. సంగతి చెబితే మామా తన సొరుగు తెరిచింది. పాస్‌పోర్టు లేదు.

ఇల్లంతా వెతికారు. పరుపులెత్తారు, బీరువాలు జరిపారు, ఇనప్పెట్టె తెరిచారు. ఉంటేనా! "ఇక్కడే పెట్టాను, అల్లా సాక్షి" అని మామా తల పట్టుకుంది. తిరుపాలమ్మకు మాత్రం అనుమానం పడింది. మొగుడు దేశం కాని దేశంలో, ఇంటి నిండా పసిపిల్లలు. తను పోతే వీళ్ల గతేమిటి? ఈమే దాచింది. దాచకుండా ఎందుకుంటుంది!

ఒక బస్సు పోయింది. ఇంకొకటి పోయింది.

అదే సమయంలో గన్నెమ్మ బువ్వ మానేసింది. పప్పుబువ్వంటే ప్రాణం పెట్టే పిల్ల పళ్లెం తోసేసేది. రొట్టె ముక్క దొరికితే నమిలేది, లేకపోతే నీళ్లు తాగి పండుకునేది. "వండద్దు తిరుపా, బియ్యం అట్లే ఉండనీ" అనేది. తుపాకుల మోతకి పిల్ల బెదిరిపోయిందని తిరుపాలమ్మ దిష్టి తీసింది, కథలు చెప్పింది, బతిమాలింది, ఒకసారి వీపు మీద ఒక్కటిచ్చి మళ్లీ తనే ఏడ్చింది. దేనికీ లొంగలేదు. దవడలు లోపలికి పోయి, మెడ పుల్లయింది.

ఆ పిల్ల ముఖంలో కాస్త వెలుగు కనపడేది ఆ రంగుల పుస్తకం తీసినప్పుడే. మెట్ల కింద ఇరుకు చోట్లో ఇద్దరూ చేరి మళ్లీ ఆ పాత పంచాయితీయే పెట్టుకునేవాళ్లు.

"లోపలే" అనేది తిరుపాలమ్మ, ఆట సాగాలి కదా అని.

"బయటే. నువ్వొస్తావు" అనేది పిల్ల, ఎంత నీరసంగా ఉన్నా.

సెప్టెంబరు సగం దాటాక మామా తమ్ముడు కబురు పంపాడు. సౌదీ దారి తెరిచారు, రేపు పొద్దున కారు తెస్తున్నాను, సిద్ధంగా ఉండండి అని. చిన్నమ్మ, ఆమె పిల్లలు, మామా, గన్నెమ్మ. అప్పటికే ఒకరి మీద ఒకరు కూర్చోవాలి. అదే సాయంత్రం లాల్ బాషా మళ్లీ వచ్చాడు. "రేపు మా బస్సు అక్కా. నేనూ, మా పెండ్లాం జమీలా పోతాండాం. ఇంక మళ్లీ బస్సు ఉంటాదో లేదో చెప్పలేను."

అంటే రేపు పొద్దునకు వీళ్లు దక్షిణానికి, వాళ్లు ఉత్తరానికి. పాస్‌పోర్టు లేని తిరుపాలమ్మ ఈ ఖాళీ ఇంట్లో ఒక్కతే. ఇన్నాళ్లూ అణుచుకున్నదంతా ఒక్కసారిగా నోటికొచ్చేసింది.

"నువ్వే దాచినావు మామా! నీ బిడ్డను నువ్వు పక్కనేసుకోని పోతాండావు. నా బిడ్డ ముఖం నేను చూడొద్దా?"

మామా తెల్లబోయింది. కోప్పడలేదు. తిరుపాలమ్మ చేయి పట్టుకుంది. "నా గనీమా తల మీద ఒట్టు. నేను తీయలేదు" అంది, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్న గన్నెమ్మ ఒక్క పరుగున పోయి మెట్ల కింద దూరింది.

తిరుపాలమ్మ పిల్లను పిలిచింది, రాలేదు. వంగి చూస్తే మోకాళ్ల మధ్య తల పెట్టుకొని కూర్చొని ఉంది. ఒళ్లు ముట్టుకుంటే చల్లగా ఉంది. నిన్నట్నుంచీ ఆ నోట్లో మెతుకు పడలేదు. రొట్టె లేదు, పాలు లేవు. రేపు అంతదూరం ఎడారిలో ఈ పిల్ల ఎట్లా పోతుంది? తన ఊరి దారి, తన ఏడుపు, అన్నీ మరిచిపోయి తిరుపాలమ్మ వంటింట్లోకి పోయింది.

డ్రమ్ములో మిగిలింది ఆ పిడికెడే. అడుగున ఉంచాల్సిన పిడికెడు.

కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. "అత్తా, ఏమన్నా అనుకో, పిల్ల ఆకలి ముందు నీ పద్ధతి నాకెందుకు" అని పైకే అనేసి, డ్రమ్ము వంచి చెయ్యి లోపలికి పెట్టి ఊడ్చింది. వేళ్లకు బియ్యంతో పాటు ఏదో అట్టలాంటిది తగిలింది. బయటికి తీసింది. నల్ల అట్ట, దాని మీద బంగారు రంగు సింహాలు. పాస్‌పోర్టు. సందుల్లోంచి తెల్లటి బియ్యప్పొడి రాలింది.

ఇది గన్నెమ్మ పనేనని తిరుపాలమ్మకు అప్పుడు అర్థమైంది. "పాసుపోటు లేకుంటే పోకూడదా?" అని ఆ పిల్ల మనసులో ఎన్నిసార్లు అడుక్కుందో. తిరుపా ఎప్పుడూ ఊడ్వని చోటు ఇంట్లో ఒక్కటే ఉందని కనిపెట్టి, కొత్త బియ్యం పోయకముందే అక్కడ పెట్టింది. ఆ తర్వాత ఇల్లంతా తింటుంటే రోజూ డ్రమ్ములో బియ్యం తరిగిపోవడం చూసింది. పాపం, తన వంతు ముద్దయినా మిగిలితే అడుగు ఒకరోజు ఆలస్యంగా కనపడుతుందని కడుపు మాడ్చుకుంది. "అయ్యో నా తల్లీ" అని తిరుపాలమ్మ ఆ పాస్‌పోర్టును రొమ్ముకు అదుముకొని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడుపు విని వచ్చిన మామాకు చెప్పాల్సిన పని లేకపోయింది. చేతిలోది చూసింది, డ్రమ్ము చూసింది. తిరుపాలమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకొని, "తప్పయింది మామా, నిన్ను అనరాని మాటన్న్యా" అంది. మామా స్టవ్ వెలిగించి గిన్నెలో నీళ్లు పెట్టింది.

గంజిబువ్వ మెత్తగా ఉడికింది. తిరుపాలమ్మ గిన్నె ఒక చేత్తో పట్టుకొని, పాస్‌పోర్టు చంకలో పెట్టుకొని మెట్ల కింద దూరింది. పిల్ల తలెత్తి చూసింది.

"ఆ పిడికెడు ఎప్పుడూ తీయవు గదా తిరుపా!"

"నీకు ఆకలైతే తీయనా మరి?"

అంతే, పిల్ల భోరుమంది. తిరుపాలమ్మ ఒళ్లోకి లాక్కుంది. తిట్టలేదు, ఎందుకు చేశావని అడగలేదు. ఏడుపు కాస్త తగ్గాక ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది. పిల్ల నోరు తెరవలేదు. ఇప్పుడింకా ఎందుకు తినదో తిరుపాలమ్మకు తెలుసు. పక్కన పడి ఉన్న రంగుల పుస్తకం తీసి ముందర పెట్టింది.

"ఇట్ల చూడు గన్నెమ్మా. నేను మనసు మార్చుకున్న్యా. నువ్వు చెప్పిందే నిజం, బయటే మేలు. వంటిల్లుంటాది, నీకు పప్పుబువ్వ చేసి పెడతా. నడవలేకుంటే నేనే ఎత్తుకుంటా. బయటే ఉందాం, ఏం?"

ఆట కోసం మొదలుపెట్టిన మాటే. కానీ చెప్తుండగానే ఆమెకు నిజంగానే బయటి ఇల్లు కావాలనిపించింది. ఆ ఇంట్లో గన్నెమ్మా చిట్టీ ఇద్దరూ ఒక్క పళ్లెంలో తింటుంటే చూడాలనిపించింది.

పిల్ల పుస్తకం వంక చాలాసేపు చూసింది. తర్వాత తడి చేత్తో పేజీ తిప్పి, పార్కు మధ్యలో ఉన్న హోటల్ బొమ్మ మీద వేలు పెట్టింది.

"లోపలే తిరుపా."

"యాలమ్మా?"

"మంచం దిగితే రాట్నం. ఎండైతే గదికొచ్చి పండుకోవచ్చు." తిరుపాలమ్మ మాటలే, ఒక్కటీ పొల్లుపోలేదు. ముక్కు ఎగబీల్చింది. "ఆ గది ముగ్గురికే చాలు గదా. నువ్వు చిట్టి కాడికి పో."

అని, కళ్లు గట్టిగా మూసుకొని, ముద్ద కోసం నోరు తెరిచింది.