వద్దన్న పుస్తకం

మధ్యాహ్నం కమిటీ సమావేశం. సరిగ్గా భోజనాల వేళకి పుస్తకం మాయమైంది.

లైబ్రేరియన్ ఆ అరను వేలితో తడిమి చూసింది. రెండు లావుపాటి పుస్తకాల మధ్య పన్ను ఊడిన చోటులా ఖాళీ. పొద్దున తాళం తీసినప్పుడు అది అక్కడే ఉంది. తన చేత్తోనే దాని మీద దుమ్ము తుడిచింది.

పుస్తకం పేరు 'వద్దన్నాం'. ఇదే కాలేజీలో ఒకప్పుడు భూగర్భశాస్త్రం చెప్పిన లెక్చరర్ రాసింది. కొండవాలు కాలనీ వాళ్ళు తమ ఊటను సీసాల నీళ్ళ కంపెనీకి ఇవ్వబోమని ఎలా మొండికేశారో, ఎవరు మెత్తబడబోయారో, వాళ్ళను ఎవరు నిలబెట్టారో పూసగుచ్చినట్టు చెప్పే పుస్తకం. అచ్చు వేసినవాళ్ళ గోదాములో మిగతా ప్రతులన్నీ చెదల పాలయ్యాయి. మిగిలింది ఇదొక్కటే. రాసిన మనిషి లైబ్రేరియన్‌కి సొంత పిన్ని. ఆ సంగతి ఆమె కాలేజీలో ఎవరితోనూ అనలేదు.

ఏళ్ళ తరబడి ఎవరూ అడగని పుస్తకం, ఏ కోర్సు జాబితాలోనూ లేని పుస్తకం తుక్కు బండి ఎక్కాల్సిందే. అది లైబ్రరీ నియమం. బండి రేపు పొద్దున వస్తుంది. సిబ్బంది తమ పేరు మీద తీసుకుంటే చెల్లదు. కాబట్టి ఆమె ఆశంతా కొత్తగా మొదలవుతున్న 'సుస్థిర అభివృద్ధి, నాయకత్వం' కోర్సు మీదే పెట్టుకుంది. ఆ కోర్సుకి ఏయే పుస్తకాలు చదవాలో ఎంచే పని ఆమెది. సరేననాల్సింది కమిటీ. దానికి ప్రిన్సిపాల్ ఒక మెలిక పెట్టాడు: బల్ల మీద లేని పుస్తకం గురించి చర్చ ఉండదు. ఆయన ప్రతిదానికీ "తీర్మానం చేసేద్దాం" అంటాడు కనక పిల్లలు ఆయన్ని తీర్మానం సారు అంటారు. ఈమెకూ ఒక పేరుంది. తల మీద 'నిశ్శబ్దం' అన్న బోర్డు, దాని కింద గొంతు పెంచి ఎరగని మనిషి. నిశ్శబ్దం మేడమ్.

ఫోన్ తీసి పిన్నికి చేసింది.

"పిన్నీ, పుస్తకం కనపడటం లేదు."

"పోనీలేవే. దానికి కాళ్ళొచ్చాయంటే మంచిదేగా. ఇన్నేళ్ళూ కదలకుండా పడుంది."

"నవ్వులాట కాదు పిన్నీ. రేపు తుక్కు బండి."

"పొద్దున్నుంచి ఆ వైపు ఎవరొచ్చారు?" అంది పిన్ని. రాళ్ళను ప్రశ్నించి బతికిన మనిషి, అనవసరంగా కంగారుపడదు. "దొంగతనంగా పుస్తకం దాటితే అరిచే గేటుందిగా గడపలో, అది అరిచిందా?"

"లేదు."

"అయితే లైబ్రరీ దాటలేదు. ఏడుపు మానేసి వెతుక్కో."

పొద్దున్నుంచి వచ్చింది ఒక్కడే. కోర్సు నడపబోయే స్లైడ్ల మాస్టారు. తెర మీద బొమ్మ లేనిదే ఆయన నోట మాట రాదు. ఆ పేరు అలా వచ్చింది. ఛైర్మన్‌గారు రాసిన 'చుక్క నుంచి బ్రాండ్ దాకా' ప్రతులు ఒక పెట్టెడు తెచ్చి, రీడింగ్ రూములో బల్ల మీద పేర్చి వెళ్ళాడు. కోర్సుకి విరాళం ఇస్తున్నది ఛైర్మన్‌గారే. సీసాల నీళ్ళ వ్యాపారం ఆయనది. అంతకుముందు ఆయన తండ్రిది.

ఆమె అరలన్నీ వెతికింది. రద్దైన పత్రికల గుట్ట, జిరాక్సు గది, ఆఖరికి చెత్తబుట్ట కూడా. చేతులకు దుమ్ము తప్ప ఏమీ అంటలేదు.

ఈలోగా స్లైడ్ల మాస్టారు రానే వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు సర్దుకుంటూ, "మేడమ్‌గారూ, ఇంకా ఇక్కడేనా? కమిటీ మొదలవుతోంది. ఛైర్మన్‌గారి పుస్తకాలు మీరే పట్టుకొస్తే మర్యాదగా ఉంటుంది" అన్నాడు.

"నా పుస్తకం ఒకటి కనపడటం లేదండీ."

"అయ్యో! ఏ పుస్తకం?" అన్నాడాయన. మరీ తొందరగా అన్నాడు. పైగా కళ్ళు ఆమె మొహం మీద లేవు. బల్ల మీద పుస్తకాల దొంతర మీద ఉన్నాయి.

ఆమె దొంతర ఎత్తుకుంది. గడపలో ఉన్న గేటు దాటింది.

గేటు కీచుమని అరిచింది.

"దీనికి పిచ్చి పట్టినట్టుంది!" మాస్టారు నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

గేటుకి పిచ్చేమీ లేదు. అయస్కాంతపు పట్టీ అతికించిన పుస్తకం దాటితేనే అది అరుస్తుంది. ఛైర్మన్‌గారి పుస్తకాలు పొద్దునే వచ్చాయి. వాటికింకా పట్టీలు వెయ్యలేదు. మరి అరుపెందుకు? ఆమె వేళ్ళు దొంతరను గట్టిగా పట్టుకున్నాయి. ఎవరో తన పుస్తకానికి ఛైర్మన్‌గారి పై అట్ట తొడిగి ఇందులో దూర్చారు. అట్ట మీది స్టిక్కరు పీకేస్తే గేటు ఊరుకుంటుందనుకున్నారు. బయటివాళ్ళందరూ పొరబడేది అక్కడే. పట్టీ ఉండేది స్టిక్కర్లో కాదు, కుట్టు దగ్గర, రెండు పేజీల సందులో.

ఇక్కడే నిలదీయవచ్చు. నిలదీస్తే ఆయన గొడవ చేస్తాడు, ప్రిన్సిపాల్ వస్తాడు, పుస్తకం విచారణ పేరుతో ఏ బీరువాలోకో పోతుంది, ఆలోగా కమిటీ అయిపోతుంది. ఆమె మొహంలో ఏమీ కనపడనివ్వలేదు.

"మీరు పదండి. గేటు అరుపు ఆపి వస్తాను."

ఆయన మలుపు తిరగగానే దొంతరను గచ్చు మీద దించింది. ఈ లైబ్రరీలో ప్రతి పుస్తకానికీ ముప్పై ఏడో పేజీ అడుగున ఊదా రంగు ముద్ర పడుతుంది. మొదటి పేజీ చింపినా పుస్తకం ఎవరిదో తెలియడానికి. దాన్ని రహస్య పేజీ అంటారు. ఆమె ఒక్కో ప్రతిలో ముప్పై ఏడో పేజీ తిప్పింది. లేదు. లేదు. అడుగున ఉన్నదాంట్లో, ఛైర్మన్‌గారి నవ్వుమొహం అట్ట కింద, ఊదా ముద్ర.

దాన్ని దొంతర పైకి మార్చి లేచింది.

కమిటీ గదిలో దొంతరను బల్ల మీద దించింది. ఆ చివర ప్రిన్సిపాల్, పక్కన ఛైర్మన్‌గారు, ఆయన పక్కనే స్లైడ్ల మాస్టారు. ఎదురుగా బయటి సభ్యురాలైన ఆస్పత్రి సూపరింటెండెంట్. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటోంది.

"మేడమ్ సూచించిన పుస్తకాలన్నీ చూశాం. ఒకటి తప్ప," అన్నాడు ప్రిన్సిపాల్. "'వద్దన్నాం' అట. అదెక్కడ మేడమ్?"

"బల్ల మీదే ఉంది సర్."

స్లైడ్ల మాస్టారు మెడలో కార్డు మళ్ళీ సర్దుకున్నాడు.

"కనపడటం లేదే?"

"కనపడుతుంది సర్. దానికంటే ముందు ఛైర్మన్‌గారి పుస్తకం చూద్దాం. రచయిత ఎదురుగా ఉండగా మేం చదవడమేమిటి? వారే ఒక పేజీ చదివితే బాగుంటుంది." పైనున్న ప్రతిని ముప్పై ఏడో పేజీ దగ్గర తెరిచి ఆయన చేతిలో పెట్టింది.

ఛైర్మన్‌గారు మురిసిపోయారు. గొంతు సవరించుకున్నారు. ఆయన తన పుస్తకాన్ని జీతమిచ్చి రాయించుకున్నారన్న సంగతి లోకానికి తెలుసు. చదవలేదన్న సంగతి అప్పుడే తెలిసింది.

"'మమ్మల్ని ముందుకు నడవమన్నారు,'" అని సభలో మాట్లాడినట్టు ఎత్తుకున్నారు. "'అందరం ముందుకే నడిస్తే ఊట దగ్గర నిలబడేదెవరు? అందుకని నిలబడ్డాం. మీ నాయకుడెవరు అని అడిగారు. వద్దు అన్న ప్రతి మనిషీ అని చెప్పాం.'"

"ఎంత బాగా రాశారండీ!" అంది సూపరింటెండెంట్, కళ్ళద్దాలు పెట్టుకుని.

"ఏదో, అనుభవం," అన్నారు ఛైర్మన్‌గారు వినయంగా, ఆపై ఇంకాస్త గట్టిగా: "'అప్పుడు సీసాల కంపెనీ యజమాని కుర్చీ తన్నేసి లేచి, మీ పిల్లలు మా సీసా కొనుక్కునే రోజు వస్తుంది చూడండి అని...'"

ఆగిపోయారు. అట్ట చూశారు. తన ఫొటోయే. పేజీ చూశారు. ఆ కుర్చీ తన్నింది తన తండ్రి.

అట్ట జారి బల్ల మీద పడింది. లోపల పాత గోధుమరంగు బైండు, దాని మీద అరిగిన అక్షరాలు: వద్దన్నాం.

"ఇది ఇందులోకి ఎలా వచ్చింది?" అన్నాడు ప్రిన్సిపాల్.

"చొక్కా మార్చుకుని వచ్చింది సర్. ఎవరు తొడిగారని నేను అడగను." ఆమె స్లైడ్ల మాస్టారి వైపు చూడలేదు. చూడాల్సిన పని లేకుండా ఆయనే చెమటతో తడిసిపోతున్నాడు. "బల్ల మీదైతే ఉంది. ఇక చర్చించండి."

ఛైర్మన్‌గారు కోలుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. వ్యాపారి. "ఏమ్మా, ఇది రాసినావిడ నీకేమవుతుంది? చెప్పు, అందరూ వింటారు."

ఆమె చెవులు వేడెక్కాయి. అయితే ఇదీ కనుక్కుని వచ్చారన్నమాట.

"మా పిన్ని."

"విన్నారా! సొంత మనుషుల పుస్తకాలు దూర్చడానికి కూర్చోబెట్టామా నిన్ను?"

"మీ పుస్తకం మీ పేరు మీద అచ్చయింది, దాన్ని ఎంచడానికి మీరే కూర్చున్నారు. నేను కనీసం పిన్ని దాకా వెళ్ళాను సర్."

సూపరింటెండెంట్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చుట్టరికం ముందే చెప్పాల్సింది, అది నా పొరపాటే," అంది లైబ్రేరియన్. "కానీ ఒక్క మాట. ఈ జాబితాలో ఉన్న నాయకులందరూ ఏదో ఒకటి కట్టినవాళ్ళు, పెంచినవాళ్ళు, అమ్మినవాళ్ళు. ఆపినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎక్కడ ఆగాలో చెప్పకుండా సుస్థిరత ఏం నేర్పుతాం?"

"ఆ పుస్తకం ఉంటే నా విరాళం ఉండదు," అన్నారు ఛైర్మన్‌గారు.

ప్రిన్సిపాల్ రెండు చేతులూ జోడించినంత పని చేశాడు. "మేడమ్, కాస్త సర్దుకోండి. మీరే వెనక్కి తీసుకున్నారని రాసుకుంటే అందరికీ గౌరవంగా ఉంటుంది."

"వద్దు సర్."

"ఏమిటి?"

"నేను వెనక్కి తీసుకోను. మీరు వద్దనుకుంటే మీరే వద్దనండి. మీ పేర్ల మీద."

చేతులు లేచాయి. ఛైర్మన్‌గారిది, మాస్టారిది, కాస్త ఆలస్యంగా ప్రిన్సిపాల్‌ది. సూపరింటెండెంట్ చెయ్యి లేవలేదు.

"తీర్మానం అయిపోయింది," అన్నాడు ప్రిన్సిపాల్, ఎవరి మొహమూ చూడకుండా.

ఆమె పుస్తకం గుండెకి హత్తుకుని బయటికొచ్చింది. ఓడిపోయింది. రేపు పొద్దున బండి. వరండా పొడవునా నడుస్తుంటే ఆ మాటే బుర్రలో తిరిగింది. వద్దన్నారు. వద్దన్నారు. లైబ్రరీ గడపలో టక్కున ఆగిపోయింది.

కౌంటర్ సొరుగులోంచి అట్టముక్క, లావుపాటి స్కెచ్ పెన్ను తీసింది. పెద్దక్షరాలతో రాసింది: *వద్దన్న పుస్తకం*. అందరికీ కనపడేలా కౌంటర్ మీద నిలబెట్టింది.

మొదట వచ్చింది పిల్లలు కాదు. సూపరింటెండెంట్. వరండాలో వేగంగా నడిచినట్టుంది, ఆయాసపడుతోంది. "కమిటీ సభ్యులకి లైబ్రరీ కార్డు ఇచ్చారుగా మీరు? నా పేరు మీద రాయండి. ఆ కుర్చీ తన్నాక ఏమైందో తెలియకపోతే నాకు నిద్ర పట్టదు."

ఆ వెనక రీడింగ్ రూములోంచి ఒకమ్మాయి వచ్చి అట్ట చదివింది. "మేడమ్, వద్దన్న పుస్తకం అంటే? వద్దు అని చెప్పే పుస్తకమా, ఎవరైనా వద్దన్నారా?"

"రెండూ."

"ఎవరు వద్దన్నారు?"

"కమిటీ. ఇప్పుడే."

"అయితే ఈవిడ తర్వాత నాకు!"

"ఏయ్, ముందు నేను లేచాను కుర్చీలోంచి," అని ఇంకొకడు. కుర్చీలు జరిగాయి. లైబ్రేరియన్ ఒక్కొక్కరి కార్డూ తీసుకుని వరుసలో పెడుతోంది. అడిగేవాళ్ళున్న పుస్తకం తుక్కు బండి ఎక్కదు. అదీ లైబ్రరీ నియమమే.

వరుస తలుపు దాకా చేరేసరికి ప్రిన్సిపాల్ వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఏమిటిది? ఎవర్నడిగి పెట్టారు ఈ అట్ట? తీర్మానాన్ని వెక్కిరిస్తున్నారా? తీసెయ్యండి ముందు!" గది దద్దరిల్లేలా అరిచాడు.

సూపరింటెండెంట్ పుస్తకం చంకలో పెట్టుకుని గేటు దాటింది. సక్రమంగా పేరు మీద రాసిచ్చిన పుస్తకం, గేటు కిక్కురుమనలేదు.

లైబ్రేరియన్ తలెత్తింది. అట్టముక్కను అంగుళం కూడా కదపలేదు. చూపుడు వేలు నెమ్మదిగా పైకెత్తి, తన తల మీదున్న బోర్డు చూపించింది.