అమావాస్య గుగ్గిళ్ళు

పూతలపట్టు కూడలి దాటి నూరు గజాలు పోయిందో లేదో, పెళ్ళికొడుకును వీపు మీద పెట్టుకుని సింగారి ఆగిపోయింది. బ్యాండువాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. గుర్రం డాన్సు మొదలుపెడుతుందనుకుని కుర్రకారు ఈలలు వేశారు. వెనక నీళ్ళ బకెట్టుతో నడుస్తున్న మునెమ్మ మాత్రం సింగారి తుంటి వైపు చూసింది. అక్కడి కండలు బిగుసుకుని రాళ్ళలా లేచాయి. తెల్లని ఒళ్ళంతా చెమట. గడిచిన రెండు నెలల్లో ఇది రెండుసార్లు చూసిందే. అప్పుడు ఇంటి దగ్గర జరిగింది కాబట్టి గుట్టుగా ఉంది, ఇప్పుడు నాలుగు ఊళ్ళ జనం ముందు.

పెళ్ళికొడుకు కొత్త బూట్లతో కిందికి దిగి మండపం దాకా నడవాల్సి వచ్చింది. అతని మేనమామ అనాల్సినవన్నీ అన్నాడు, అనకూడనివి కూడా రెండు అన్నాడు. మునెమ్మ మొగుడు రాజారత్నం అసలే మాట పడని మనిషి. సిగ్గుతో మొహం నల్లబడి, కళ్ళెం పట్టి గుంజాడు. "నాలుగడుగులు ఏస్తే కాళ్ళు సాగతాయి, నడువు!" అంటూ బెత్తం ఎత్తాడు. సింగారి రెండడుగులు వేసింది, మూడోది వేయలేక నిలబడి ఉచ్చ పోసింది. అది పాలు పోయని కాఫీ రంగులో ఉంది.

మునెమ్మ బకెట్టు అక్కడే పడేసి మొగుడి చెయ్యి పట్టుకుంది. "కొట్టబాకయ్యా! చేతగాక నిలబడింది గాని పొగరుకు కాదు."

చిన్న లారీ పిలిపించి, పదిమంది పట్టి, సింగారిని ఇంటికి చేర్చారు. కొట్టంలో కట్టేసి తొట్టిలో నీళ్ళు నింపాక రాజారత్నం ఆ మాట అననే అన్నాడు. నాయుడుపేటలో ఎగ్జిబిషన్ల దగ్గర పిల్లలను గుర్రం ఎక్కించి తిప్పే మోహన్‌కృష్ణ ఎప్పటి నుంచో అడుగుతున్నాడు, ఇక అతనికి తోలేస్తానని. మునెమ్మ ఆ మనిషి గుర్రాలను చూసింది. ఎండలో పొద్దస్తమానం నిలబడి, పక్కటెముకలు లెక్కపెట్టుకునేలా ఉంటాయవి.

తెల్లారేసరికి పక్కింటి వరదమ్మ దిగింది. ఎవరింట్లో ఏం జరిగినా మొదట కారణం చెప్పే హక్కు తనదేనని ఆమె నమ్మకం. "సెప్తే ఇనవు మునెమ్మక్కా. ఇది అమావాస్య గాలి. నిన్న పాడ్యమి. పోయిన నెలా పాడ్యమే, ఆ ముందు నెలా పాడ్యమే. గాలి కాకపోతే తిథి సూసుకోని వస్తాదా జబ్బు?"

తిథి సంగతి మునెమ్మకు తెలియక కాదు. మునెమ్మ పుట్టింటి వాళ్ళు సేద్యగాళ్ళు. అమావాస్య నాడు ఎద్దుల మెడ మీద కాడి పెట్టేవాళ్ళు కాదు. ఆ రోజు వాటిని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కడుపునిండా గుగ్గిళ్ళు పెట్టేవాడు ఆమె నాయన. నాలుగేళ్ళ కిందట సింగారి ఇంటికొచ్చినప్పుడు మునెమ్మ అదే పద్ధతి గుర్రానికీ తెచ్చింది. అమావాస్య రోజు కళ్ళెం ముట్టరు, కొట్టం దాటించరు. ఉలవలు, జొన్నలు కలిపి ఉడికించి, బెల్లం దంచి వేసి, దీపం వెలిగించి తన చేత్తో తినిపిస్తుంది. అన్నాళ్ళూ అరపడి గింజలతో సరిపెట్టేది. ఈ ఏడు మామిడి తోట బాగా కాసిందని సంతోషంతో దాన్ని ఒక పడి చేసింది. మొదటిసారి సింగారి బిగుసుకున్నప్పుడు, పూజలో ఏదో తక్కువైందేమోనని భయపడి పడిన్నర చేసింది. రెండోసారి వచ్చాక రెండు పడులు పెట్టింది, బెల్లం కూడా ఇంకో గడ్డ వేసింది.

ఆ ఉదయమే రక్తం తీసి తిరుపతి పశువుల ఆసుపత్రికి పంపారు. మూడో రోజు అక్కడి నుంచి డాక్టర్ ధరణి తనే వచ్చింది. ముప్పై ఏళ్ళుండే సన్నటి మనిషి. కండలను చేత్తో అదిమి చూసి, కాగితం తీసింది.

"కండలు దెబ్బతిన్నాయని రక్తంలో తెలుస్తా ఉంది. ఆ ఉచ్చ రంగు కూడా అందుకే. ఇట్లా వచ్చినప్పుడు ఒక్క అడుగు కూడా నడిపించకూడదు. నిలబడిన చోటే ఉంచి నీళ్ళు పెట్టి నాకు ఫోన్ చేయండి." రాజారత్నం తల వంచుకున్నాడు. ఆమె మునెమ్మ వైపు తిరిగింది. "మేత ఏం పెడతారమ్మా?"

"ఎండు కసువు గడ్డి, రెండు పూటలా గుప్పెడు తవుడు. అంతే మేడమ్."

"గింజలు?"

"లేదు మేడమ్."

డాక్టరుకు అంతు పట్టలేదు. ఎప్పుడెప్పుడు వచ్చిందో చెప్పమంది. మూడు పాడ్యములూ విని, ముందు రోజు ఏం చేస్తారని అడిగింది. మునెమ్మ ఏమీ లేదంది. అమావాస్య కదా, పని చేయించం అంది. గుమ్మంలో నిలబడి వింటున్న కోడలు పవిత్ర ఆగలేకపోయింది.

"అత్తా, గుగ్గిళ్ళు పెడతావు కదా!"

"అది మేత కాదు కదమ్మా," అంది మునెమ్మ తెల్లబోయి. "అది పూజ."

ధరణి నవ్వలేదు. ఎంత పెడతారని అడిగింది. మునెమ్మ గింజలు కొలిచే పడి తెచ్చి చూపించి, రెండు వేళ్ళు ఎత్తింది. డాక్టరు ఆ పడిని చేతిలోకి తీసుకుని చెప్పింది.

"తిన్న గింజల్లోని తీపిని కండలు సరిగ్గా వాడుకోలేని జబ్బు ఒకటి ఉంది. అదేనని నా అనుమానం. ఖాయంగా చెప్పాలంటే చిన్న కండముక్క తీసి దూరం పంపాలి. ఏది తేలినా సాకే పద్ధతి మాత్రం ఒకటే. గింజలు, బెల్లం పూర్తిగా బంద్. ఎండు కసువు నీళ్ళలో నానబెట్టి పెట్టండి, ఉప్పు పెట్టండి, నేను చెప్పిన కొలతకు కొంచెం నూనె కలపండి. పదిహేను రోజుల తర్వాత రక్తం మళ్ళీ చూస్తాను. బాగుంటే రోజూ నడిపించాలి. దీనికి పూర్తి విశ్రాంతి పనికిరాదు, ఒక్క రోజు కూడా. ఒళ్ళు కదల్చకుండా నిలబెట్టి, కడుపునిండా గింజలు పెట్టి, మర్నాడు పనికి తోలితే ఇదే జరుగుతుంది."

ఆమె వెళ్ళిపోయాక మునెమ్మ కొట్టంలో కూలబడింది. ఒక పడి, పడిన్నర, రెండు పడులు. భయపడిన ప్రతిసారీ ఎక్కువ పెట్టింది, పెట్టిన ప్రతిసారీ జబ్బు ముదిరింది. బెత్తం ఎత్తినందుకు మొగుణ్ణి తిట్టుకుంది గాని, తన చెయ్యి చేసినంత పని ఆ బెత్తం చేయలేదు. ఏడుపు ఆగలేదు. సింగారి మెడ వంచి ఆమె తల వాసన చూసింది, దాంతో ఏడుపు ఇంకా ఎక్కువైంది.

సాయంత్రం మొగుడి ముందు నిలబడింది. "దాన్ని పాడు చేసింది నేను. నాకు ఒక్క అమావాస్య ఇయ్యి. పాడ్యమి నాడు బాగా నడిస్తే ఈడనే ఉంటాది. నడవకపోతే నువ్వన్నట్టే మోహన్‌కృష్ణకు ఇచ్చెయ్. నేను నోరు తెరవను."

"నోరు తెరవకుండా నువ్వా?" అన్నాడు రాజారత్నం. అది ఒప్పుకున్నట్టే లెక్క.

డాక్టరు చెప్పినవన్నీ పవిత్ర కాగితం మీద రాసి కొట్టం గోడకు అంటించింది. సింగారికి ఆ ఏర్పాటు ఏమీ నచ్చలేదు. నానిన కసువును మూతితో ఎగజిమ్మింది, తొట్టిని రెండుసార్లు తన్నింది. రోజూ పొద్దున్నే మునెమ్మ మొదట చూసేది ఉచ్చ రంగు. రెండో రక్తపరీక్ష బాగుందని ధరణి ఫోన్ చేశాక, పగ్గం పట్టుకుని చెరకు తోట దాకా నడిపించింది. తర్వాత గానుగ దాకా. ఆ తర్వాత రాజారత్నం ఎక్కి నెమ్మదిగా పరుగు తీయించాడు.

అమావాస్య వచ్చింది. మునెమ్మ పొద్దున్నే గుర్రాన్ని కడిగి, బొట్టు పెట్టి, దీపం వెలిగించింది. అంతవరకు ఎప్పటిలాగే చేసింది. అలవాటు కొద్దీ దేవుడి ముందు పెట్టిన బెల్లం గడ్డను కొంగున కట్టుకున్న సంగతి ఆమెకే గుర్తులేదు. సింగారికి ఎలా తెలిసిందో తెలిసింది. మూతితో కొంగు ముడిని వెతికి, పొడుస్తూ, సకిలించింది. మునెమ్మ వేళ్ళు ముడి దగ్గరికి పోయాయి. ఈ ఒక్క గడ్డకు ఏమవుతుంది అనిపించింది. అలా అనిపించే కదా పడి కాస్తా రెండు పడులయింది! దేవుడి ముందు పెట్టిన బెల్లం పారేయకూడదు. ముడి విప్పి తన నోట్లో వేసుకుంది. గుర్రం చూస్తుండగా ఆ బెల్లం నమలడం ఆమెకు ఎంత కష్టమైందో చెప్పలేం. తర్వాత కళ్ళు తుడుచుకుని పగ్గం విప్పింది.

వీధిలో వరదమ్మ ఎదురైంది. "అమావాస్య నాడు పగ్గం పడతావా! మీ నాయన సూస్తే ఏమంటాడు?"

"మా నాయన ఎద్దుకు ఏది మంచిదో అది సేసినాడు వరదమ్మా. నేను గుర్రానికి ఏది మంచిదో అది సేస్తా ఉండా." అంది గాని, రెండుసార్లు వెనక్కి తిరిగి సింగారి కాళ్ళ వైపు చూసుకుంది. గానుగ దాకా పోయి వచ్చింది. సాయంత్రం మళ్ళీ పోయి వచ్చింది.

పాడ్యమి ఉదయం రాజారత్నం జీను వేసి పూతలపట్టు రోడ్డు పట్టుకున్నాడు. ఇచ్చేదీ లేనిదీ ఆ పూటకే చెబుతానని మోహన్‌కృష్ణతో ముందే అనుకున్నాడు. మునెమ్మ పొయ్యి మీద అన్నం పెట్టి గేటు దగ్గర నిలబడింది. అన్నం మాడిన వాసన వస్తే పవిత్రే పోయి దించింది. గంట గడిచింది. మలుపు దగ్గర గిట్టల చప్పుడు వినపడింది, నాలుగు కాళ్ళదీ ఒకే వరసలో, తొట్రు లేకుండా. సింగారి తల ఎగరేస్తూ వచ్చి ఇంటి ముందు ఆగి ఉచ్చ పోసింది. ఎండు కసువు రంగు.

రాజారత్నం దిగి, పెళ్ళాం వైపు చూడకుండా ఫోన్ తీశాడు. "మోహన్‌కృష్ణా, రాబాకప్పా. ఇచ్చేది లేదు." పెట్టేసి, జీను విప్పుతూ గొణిగాడు. "ఏడాదిగా ఇంత బాగా నడవలే."

సింగారి దగ్గరికొచ్చి కొంగు ముడి వెతికింది. ముడి లేదు. చేతిని వెతికింది. మునెమ్మ అరచెయ్యి తెరిచి చూపించింది, అందులో ఏమీ లేదు. సింగారి ఆ ఖాళీ చేతినే చాలాసేపు నాకింది. మునెమ్మ చెయ్యి తీయలేదు.