గేటుకు రెండో రెక్క

మా ఓనరు శేషాద్రి యూనివర్సిటీలో చట్టం చెబుతాడు. తార్నాకలో గదులు కిరాయికిస్తాడు. ఈ రెండు పనులనూ ఆయన ఎన్నడూ కలపలేదు.

కింద ఆయన, ఆయన తల్లి చెన్నమ్మ ఉంటారు. మధ్య అంతస్తులో చదువుకునే ఆడపిల్లలు, గదికి నలుగురు. పైన ఒక్క గదిలో నేను. పిల్లల బాత్రూంలో స్విచ్ ముట్టుకుంటే షాక్ కొడుతుంది. బాగు చేయించమని వాళ్లలో ఒకమ్మాయి, సింధూజ, అడిగితే, "చెప్పులేసుకుని నొక్కమ్మా" అన్నాడు. గేటుకు రెండు రెక్కలు. ఒకటే తెరుచుకుంటుంది. రెండోది తుప్పు పట్టిందంటాడు. పిల్లలు మంచాలు తెచ్చుకుంటే గోడ మీంచి అందించుకున్నారు.

పోయినేడు నా భార్య లచ్చమ్మ ఆసుపత్రిలో చనిపోయింది. అంబులెన్స్‌లో తెచ్చాను. శేషాద్రి గేటుకు తాళం వేసి లోపల నిలబడ్డాడు.

"శవం లోపలికి రాకూడదయ్యా. నక్షత్రం మంచిది కాదు. ఇల్లు నాది, దోషం నాకు తగులుతుంది."

"గీ ఇంట్ల పదేండ్లు ఊడ్చింది సార్ ఆమె."

"కాదనలేదే. అయినా స్ట్రెచర్ ఎట్లా పడుతుంది? రెండో రెక్క తెరుచుకోదు."

ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, ఫుట్‌పాత్ మీద దించాం. బస్సులు హారన్ కొట్టుకుంటూ పోయాయి. స్నానం అక్కడే, బట్ట కప్పడం అక్కడే. లోపలి నుంచి చెన్నమ్మ ఒక్కతే వచ్చింది, చెంబుతో నీళ్లు, పసుపు పట్టుకుని. కొడుకు పిలుస్తున్నా వెనక్కి చూడలేదు. విధవ చేత్తో ముత్తైదువకు బొట్టు పెట్టరాదని పక్కింటావిడ గొణిగింది. చెన్నమ్మ పెట్టింది. ఫుట్‌పాత్ నుంచే అంబర్‌పేట్ శ్మశానానికి తీసుకుపోయాం.

నేను గది ఖాళీ చేయలేదు. చేయమని ఆయనా అనలేదు. ఒక రాత్రి కూడా ఖాళీగా ఉండని ఇల్లు అది.

ఈ చలికాలం క్యాంపస్‌లో సభ పెట్టారు. ఇంటి యజమానుల చట్టపరమైన బాధ్యతల మీద శేషాద్రి ఉపన్యాసం. కుర్చీలు నిండవని భయపడి మమ్మల్నందరినీ రమ్మన్నాడు. భోజనం ఉందన్నాడు. పోయాం.

వేదిక మీద ఆయన వేరే మనిషి. "నీళ్లు, కరెంటు ఆపకూడదు. మరమ్మతులు యజమాని పూచీ. గది కిరాయికి ఇచ్చినంత కాలం అది కిరాయిదారు ఇల్లు. యజమాని ముందుగా చెప్పి, అనుమతి తీసుకుని గడప దాటాలి. అక్కడ ఆయన అతిథి మాత్రమే!"

చప్పట్లు కొట్టారు. సింధూజ నా చెవిలో అంది: "తాతా, గీ సారెవరో మంచిగున్నడు. మన ఓనరుకు పరిచయం చేద్దామా?"

భోజనంలో పెరుగు అయిపోయింది. మిగతాదంతా బాగానే ఉంది.

తరువాత కొద్ది రోజులకే చెన్నమ్మ మంచం పట్టింది. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. శేషాద్రి తల్లి ముఖం చూడకముందే పంచాంగం చూశాడు. ధనిష్ఠా పంచకం. ఆ ఐదు నక్షత్రాల్లో ప్రాణం పోతే ఇల్లు నెలల తరబడి పాడుపెట్టాలి. ఆయన, పిల్లలు, నేను, అందరం బయటికి.

ఆ సాయంత్రం నా గదికి వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు. నా పేరు చివర 'గారు' చేర్చడం అదే మొదలు.

"బుచ్చిరాములు గారూ, అమ్మను ఈ ఐదు రోజులు మీ గదిలో ఉంచుకోండి. పైన గాలి బాగుంటుంది."

"కింద గాలికి ఏమైంది సార్?"

"పంతులుతో మాట్లాడాను. మీ కరెంటు మీటరు వేరు కదా. మీటరు వేరైతే గృహం వేరేనట. మీ గదిలో జరిగినది కిందికి అంటదు."

"ఇల్లు నాది, దోషం నాది అన్నరు గద, లచ్చమ్మ నాడు?"

"అది శాస్త్రం. ఇది చట్టం. గది మీ స్వాధీనంలో ఉంది. ఇల్లు మీదే అన్నట్టు."

మెట్ల మీద బట్టలారేస్తున్న సింధూజ తొంగి చూసింది. "సార్, మళ్లొక్కసారి గట్టిగ చెప్పరా? తాతకు చెవులు సరిగ వినవడవు."

"ఇది బుచ్చిరాములు గారి ఇల్లు" అన్నాడు గట్టిగా. నా చెవులు బాగానే వినపడతాయి.

ఆయన కోసమైతే తలుపు వేసేవాణ్ణి. చెంబుతో వచ్చిన ఆమె కోసం ఒప్పుకున్నాను.

కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకొచ్చాం. చెన్నమ్మ మంచం తడిమి చూసింది.

"లచ్చమ్మదేనా?"

"ఆమెదే అమ్మా."

"నా కొడుకు ఎందుకు పంపినాడో నాకు తెలుసులే. వాడు పుట్టినప్పుడూ పంచాంగం చూసినాం. సరిగా చూసినట్టు లేదు."

శేషాద్రి రోజూ మెట్ల చివర నిలబడి, "ఎట్లా ఉంది?" అని అడిగేవాడు. గడప తొక్కేవాడు కాదు. తను లోపలున్నప్పుడు ప్రాణం పోతే దోషం ఎవరికి అంటుతుందో పంతులు తేల్చి చెప్పలేదట. సింధూజ మాత్రం పొద్దున జావ తెచ్చి తాగించేది.

ఒక మధ్యాహ్నం చెన్నమ్మ కిటికీ వైపు చెయ్యి చూపింది. "లచ్చమ్మను యాడ పండబెట్టినారు?"

ట్రాన్స్‌ఫార్మర్ పక్కన చోటు చూపించాను.

"నన్నూ ఆడనే పెట్టు. వాని హాల్లో వద్దు. వాడు చూడాల."

"పెడతా అమ్మా" అన్నాను.

పంచకం దాటింది. చెన్నమ్మ బతికే ఉంది. శేషాద్రి కడిగిన ముఖంతో పైకొచ్చాడు.

"అమ్మా, కిందికి పోదాం పద. ఇప్పుడు నక్షత్రం బాగుంది."

"బాగుంటే నువ్వు చావు పోరా" అంది చెన్నమ్మ. "నేను యాడికీ రాను."

ఆయన గడప మీద కాలు పెట్టబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ముందుగాల చెప్పి రావాలె సార్. ఇక్కడ మీరు అతిథి."

"ఆమె మా అమ్మయ్యా!"

"అమ్మ మీదే. ఇల్లు నాది. మీరే అన్నరు."

కింద నుంచి సింధూజ చప్పట్లు కొట్టింది. ఆ రోజు సభలో కూడా అంత గట్టిగా కొట్టలేదు.

అది దాటిన కొన్నాళ్లకు, మంచి తిథిలో, చెన్నమ్మ వెళ్లిపోయింది. శేషాద్రి హాల్లో సోఫాలు జరిపించాడు. పూలు తెప్పించాడు. యూనివర్సిటీ వాళ్లకు ఫోన్లు చేశాడు. తరువాత నా గుమ్మం బయట చేతులు జోడించాడు. అనుమతి అడగడం నేర్చుకున్నాడు.

"ఒక్క పూట నా ఇంట్లో ఉంచుకుంటాను. నలుగురూ వస్తారు. ఏమనుకుంటారు?"

"ఆమె చెప్పింది సార్. లచ్చమ్మను పెట్టిన కాడనే పెట్టమన్నది."

"ఫుట్‌పాత్ మీదా?"

"ఆ. మీరు మాకిచ్చిన జాగనే."

ఆయన ఏడ్చాడు. తల్లి కోసమో, వచ్చే నలుగురి కోసమో నేను అడగలేదు. జాలి పడలేదు. పిల్లలు, నేను కలిసి ఆమెను కిందికి దించి, హాలు ముందు నుంచే ఫుట్‌పాత్ మీదికి తీసుకుపోయాం. ప్రొఫెసర్లు దండలు పట్టుకుని డ్రైనేజీ మూత పక్కన నిలబడ్డారు. శేషాద్రి రోడ్డు మీద కూర్చుని తల్లి తల మీద నీళ్లు పోశాడు. మెట్టుగూడ బస్సు హారన్ కొట్టింది. లచ్చమ్మ నాడు కొట్టినంత గట్టిగానే.

అంతకు ముందు, మేం ఆమెను ఇంట్లోంచి బయటికి మోసుకొస్తుంటే ఆయనే ముందు పరుగెత్తి గేటు తెరిచాడు. రెండు రెక్కలూ. రెండోది చప్పుడు కూడా చేయలేదు. దాని బందులకు నూనె మెరుస్తోంది.